మూడవ తమ్ముని వాటా

(పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శులకు, సభ్యులకు జరిగిన ఒకరోజు శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నాకిచ్చిన విషయం "సభ్యత్వ రిజిస్టరు, వారసత్వం". ఈ మాట చెప్పగానే వెనుక వరుసలోని వారికి టీ గుర్తుకు రావడం నేను చాలా ఊళ్లలో చూశాను. సహకార డిప్లొమా చదివే రోజుల్లో మాకు కూడా ఈ పాఠం దగ్గరే నిద్ర వచ్చేది. అందుచేత ఈరోజు నిబంధనల పుస్తకం కాసేపు పక్కన పెట్టి, ఒక కుటుంబం కథ చెబుతాను. వారు ద్రాక్ష రైతులు. తమ పంటతో తామే వైన్ తయారుచేసుకునే చిన్న కార్ఖానా పెట్టుకున్నారు. దాన్ని వైనరీ అంటారు. ఆ కథ చివర పాలు వస్తాయి, రిజిస్టరూ వస్తుంది. అంతవరకు ఓపిక పట్టండి.

ముందుగా ఒక మనవి. నేను తాగుడును మెచ్చుకోవడానికి ఈ కథ ఎత్తుకోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు 1992లో సారా మీద తిరగబడిన సంగతి, 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చిన సంగతి మనకందరికీ తెలుసు. ఇక్కడ మనకు కావలసింది సీసాలోని సరుకు కాదు. పాడయిపోయే సరుకు పండించే రైతు ధర కోసం ఏంచేశాడు, చేసేటప్పుడు కాగితం మీద ఏం రాసుకున్నాడు, ఏం రాసుకోలేదు అన్నదే మనకు కావాలి.

ద్రాక్షకూ పాలకూ చుట్టరికం

మా అమ్మాయి అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంటున్నది. అక్కడికి వెళ్లినప్పుడు మా అల్లుడు నన్ను మొడెస్టో అనే ఊరివైపు తీసుకువెళ్లాడు. దారి పొడుగునా ఒకవైపు ద్రాక్షతోటలు, మరోవైపు పాడిశాలలు. నాకు మన ఊళ్లే గుర్తుకు వచ్చాయి. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు కళ్లారా చూసినవారు మీలో కూడా ఉంటారు.

ద్రాక్ష రైతుకూ పాడిరైతుకూ ఒకే బాధ. ధాన్యమైతే గాదెలో పోసి, ధర వచ్చేదాకా ఆగవచ్చు. పండిన ద్రాక్ష ఆగదు. పితికిన పాలు అసలే ఆగవు. సరుకు కుళ్లిపోతుందని కొనేవాడికి తెలుసు. తెలుసు గనుక తొందరపడడు. తొందరపడేది రైతే. ఖేడా జిల్లా పాడిరైతులు 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ గారి నాయకత్వంలో సంఘం పెట్టుకున్నది ఈ బాధతోనే. పాలను చల్లబరచి, వెన్నగా, పొడిగా మార్చగలిగిన రోజున రైతుకు ఆగే శక్తి వచ్చింది. ద్రాక్ష రైతుకు ఆ ఆగే శక్తి వైన్ వల్ల వస్తుంది.

వైన్ ఎలా తయారవుతుందో మీకు రెండు మాటల్లో అర్థమవుతుంది. పాలు తోడువేస్తే పెరుగు అవుతుంది గదా! అక్కడ పని చేసేది తోడులోని సూక్ష్మజీవులు. ద్రాక్షరసంలో పని చేసేది ఈస్టు అనే మరో సూక్ష్మజీవి. అది రసంలోని చక్కెరను తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. లీటరు రసంలో ఇంచుమించు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. మనం వెన్నశాతం చూసి పాలకు ధర కట్టినట్టే, వారు చక్కెరపాలు చూసి ద్రాక్షకు ధర కడతారు. వేడి ఎక్కువైతే ఈస్టు చచ్చి పులియడం మధ్యలో ఆగిపోతుంది. పాత్ర శుభ్రంగా లేకపోయినా, గాలి తగిలినా, రసమంతా పుల్లటి వెనిగర్ అయి కూర్చుంటుంది. కడగని క్యాను ఒకటి కలిస్తే కేంద్రం పాలన్నీ విరిగిపోతాయని తెలిసిన మీకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

నిషేధంలో ద్రాక్ష, నిషేధం తరువాత వైన్

ఇక కథ. ఇటలీ దేశంలోని పీడ్‌మాంట్ ప్రాంతం నుంచి వలస వచ్చిన గాలో అనే కుటుంబం కాలిఫోర్నియాలో ద్రాక్ష పండిస్తూ ఉండేది. ఆ దంపతులకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఎర్నెస్ట్, 1909లో పుట్టాడు. రెండవవాడు జూలియో, 1910లో పుట్టాడు. మూడవవాడు జోసెఫ్, 1919లో పుట్టాడు. తండ్రి పేరే ఇతనికీ పెట్టారు. పై ఇద్దరికీ ఇతనికీ తొమ్మిది పదేళ్ల తేడా అన్నది గుర్తుపెట్టుకోండి. కథంతా ఆ తేడాలోనే ఉంది.

అమెరికాలో 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా దేశమంతటా మద్యనిషేధం అమలులో ఉంది. వైనరీలు మూతపడ్డాయి. ద్రాక్షతోటలు మాత్రం మూతపడలేదు. ఇంటి అవసరానికి ఏటా 200 గ్యాలన్ల వరకు, అంటే సుమారు 750 లీటర్ల వరకు, పండ్లరసం తయారుచేసుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉండేది. ఆ వెసులుబాటు మీద వేలాది ఇళ్లలో ద్రాక్షరసం వైన్ అయింది. కాలిఫోర్నియా ద్రాక్ష రైలు పెట్టెల్లో ఎక్కి షికాగో వంటి దూరపు నగరాలకు పోయేది. గాలో కుటుంబం చేసింది ఈ వ్యాపారమే. పెద్దకొడుకు ఎర్నెస్ట్ కుర్రతనంలోనే షికాగో రైల్వే యార్డుల్లో నిలబడి పెట్టెల లెక్కన ద్రాక్ష అమ్మాడు. మొదట్లో మంచి ధర వచ్చింది. అది చూసి రైతులంతా తోటలు వేశారు. 1920ల రెండవ సగానికి సరుకు ఎక్కువై ధర పడిపోయింది. 1929 తరువాత దేశాన్ని ఆర్థికమాంద్యం పట్టుకున్నది. పెట్టెల్లో ద్రాక్ష కుళ్లుతుండగా కొనేవాడు చెప్పిందే ధర అయింది.

1933 జూన్‌లో తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకేరోజు దుర్మరణం పాలయ్యారు. ఆ వివరాల్లోకి మనం వెళ్లనక్కరలేదు. ఎర్నెస్ట్‌కు 24 ఏళ్లు, జూలియోకు 23. చిన్నవాడు జోసెఫ్‌కు అప్పటికి 13 ఏళ్లు మాత్రమే. మైనరు గనుక అన్నలిద్దరూ అతనికి సంరక్షకులయ్యారు.

అదే ఏడాది చివర మద్యనిషేధం ఎత్తివేస్తారని తేలిపోయింది. అన్నదమ్ములు ఒక నిర్ణయానికి వచ్చారు. "ఇకమీదట ద్రాక్షగా అమ్మవద్దు. వైన్‌గా మార్చి అమ్ముదాం." మొడెస్టోలో ఒక గిడ్డంగిని అద్దెకు తీసుకున్నారు. చేతిలో ఉన్న పెట్టుబడి మొత్తం 5,900 డాలర్లు. అందులో 5,000 డాలర్లు ఎర్నెస్ట్‌కు అత్తగారు ఇచ్చిన అప్పు. అల్లుడి అక్కరకు అత్తగారు ఆదుకోవడం మన దేశంలోనే కాదన్నమాట! తొక్కే యంత్రాలు, కర్ర తొట్లు అరువు మీద తెచ్చుకున్నారు. చుట్టుపక్కల రైతుల దగ్గర ద్రాక్ష కొనడానికి రొక్కం లేదు. "ఇప్పుడు పంట ఇవ్వండి, అమ్మకం జరిగాక లాభంలో భాగం ఇస్తాం" అని వారిని ఒప్పించారు.

గ్రంథాలయం నేలమాళిగలో

అంతా కుదిరింది గాని ఒక చిక్కు మిగిలింది. అమ్మకానికి పనికివచ్చే వైన్ శాస్త్రీయంగా తయారుచేయడం వారికి రాదు. ఇంటిమట్టుకు చేసుకునే పద్ధతి వేరు, వేల గ్యాలన్లు చెడిపోకుండా చేయడం వేరు. 13 ఏళ్ల నిషేధంలో ఆ విద్య తెలిసినవారు చెదిరిపోయారు. అప్పుడు వారు మొడెస్టో పట్టణ గ్రంథాలయానికి వెళ్లారు. నేలమాళిగలో మూలపడి ఉన్న పాత కరపత్రాలు దొరికాయి. నిషేధానికి ముందు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు రైతుల కోసం అచ్చువేసినవి. రసం ఎలా పులియబెట్టాలి, వైన్‌ను ఎలా తేర్చాలి అన్న సంగతులు ఆ కరపత్రాల్లో ఉన్నాయి. అవి చదివి వైన్ చేశారు.

ఇది నాకు చాలా నచ్చిన ఘట్టం. ఎవరో ఒక గుమాస్తా ఆ పాత కాగితాలను తూకానికి అమ్మేసి ఉంటే ఏమయ్యేది? కాగితం అవసరం ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. మన సంఘాల్లో పాత రిజిస్టర్లు చెదలు తింటూ ఉంటే, "ఇవి ఎందుకు సార్, ఇప్పుడన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి గదా" అంటారు. కంప్యూటర్‌లోకి ఎక్కకముందు ఉన్న మీ తాతగారి వాటాధనం ఆ చెదలపుస్తకంలోనే ఉంది నాయనా!

పని పంచుకున్నారు. జూలియో తోట, తయారీ చూశాడు. ఎర్నెస్ట్ అమ్మకం చూశాడు. మొదట్లో పీపాల లెక్కన ఇతరులకు అమ్మారు. వారు తమ పేరు పెట్టుకుని సీసాల్లో అమ్ముకునేవారు. 1940 ప్రాంతంలో తమ పేరుతోనే సీసాలు మొదలుపెట్టారు. 1950ల చివర సీసాలు కూడా తామే తయారుచేసుకునే ఫ్యాక్టరీ పెట్టారు. అద్దె గిడ్డంగిలో మొదలైన ఆ చిన్న వైనరీ ప్రపంచంలోని అతిపెద్ద వైన్ సంస్థల్లో ఒకటి అయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఒక కుటుంబం సొంతంగా సరుకు తయారుచేసి అమ్మాలంటే ఇంట్లో ఒక జూలియో ఉండాలి, ఒక ఎర్నెస్ట్ కూడా ఉండాలి. చేయగల చేయి, అమ్మగల నోరు రెండూ ఒక ఇంట్లో దొరకడం అరుదు. ఈ మధ్య మన సభ్యులలో కొందరు "మేమే కోవా, నెయ్యి, పనీరు చేసి అమ్ముకుంటాం" అంటున్నారు. నేను వద్దనను. ఆహార భద్రతా లైసెన్సు తీసుకుని, లెక్కలు వేసుకుని దిగితే మంచిదే. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. వైన్ నిలవ ఉంటే త్వరగా చెడదు, కొన్ని రకాలకు ధర పెరుగుతుంది కూడా. పనీరు నాలుగు రోజులు అమ్ముడుపోకపోతే కుడితి తొట్టిలోకే. సంఘంలో ఉన్నవారికి ఎర్నెస్ట్ పని యూనియను చేసిపెడుతున్నది. బయటికి వెళ్లినవారు ఆ పని కూడా తామే తలకెత్తుకోవాలి.

అక్షరాలు రెండు, అన్నదమ్ములు ముగ్గురు

ఆ వైనరీ పేరు ఇంగ్లీషులో "ఇ అండ్ జె గాలో". ఇ అంటే ఎర్నెస్ట్. జె అంటే జూలియో. జోసెఫ్ పేరు కూడా జె తోనే మొదలవుతుంది గాని, ఆ జె అతనిది కాదు. కంపెనీలో అతనికి భాగం లేదు.

చిన్నవాడు అన్నల దగ్గరే పెరిగాడు. సైన్యంలో పనిచేసి, రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక తిరిగి వచ్చి, అన్నల ద్రాక్షతోటల్లో మేనేజరుగా పని చేశాడు. జీతం తీసుకున్నాడు. నెమ్మదిగా సొంత భూములు కొన్నాడు. తానూ ద్రాక్ష వేసి అన్నల వైనరీకే అమ్మాడు. తరువాత పశువుల మీదికి దృష్టి మళ్లించి పెద్ద పాడి పెట్టాడు. ఆవులు వేల సంఖ్యలోకి పెరిగాయి. ఇన్ని పాలు ఏంచేయాలి? మనవాడికీ అదే ఆలోచన వచ్చింది. అన్నలు ద్రాక్షను వైన్ చేసినట్టు, తాను పాలను చీజ్ చేశాడు. చీజ్ అంటే మన జున్ను కాదు. పాలను విరగబెట్టి, తేట తీసేసి, ఉప్పు వేసి, గట్టిగా అదిమి మాగబెట్టేది. ఇంచుమించు పది లీటర్ల పాలకు ఒక కిలో వస్తుంది.

1980ల మొదట్లో తయారీ మొదలై, ఆ చీజ్ దుకాణాలకు చేరింది. అట్టమీద పేరు "జోసెఫ్ గాలో". ఎవరి పేరు అది? అతని పేరే. వాళ్ల నాన్న పేరు కూడా అదే.

అన్నలు అభ్యంతరం చెప్పారు. గాలో అన్న పేరును తాము ఎన్నో ఏళ్లు ఖర్చుపెట్టి నిలబెట్టామని, అది తమ ట్రేడ్ మార్కు అని, వైన్, చీజ్ కలిపి తినేవారు రెండూ ఒకే కంపెనీవి అనుకుంటారని వారి వాదన. కొంతకాలం మాటలు జరిగాయి. కుదరలేదు. 1986లో అన్నలు తమ్ముని మీద కోర్టుకు వెళ్లారు.

అప్పుడు తమ్ముని పక్షం వారు పాత కాగితాలు తిరగేశారు. 1933 నాటి తండ్రి ఎస్టేటు కాగితాలు, మైనరుకు సంరక్షకులుగా అన్నలు చూపిన లెక్కలు బయటికి తీశారు. తీసి ఎదురుదావా వేశారు. "వైనరీ కొత్తగా పెట్టింది కాదు. నాన్న వ్యాపారానికి కొనసాగింపే. నాన్న ఆస్తిలో నాకు మూడవ వంతు ఉంది గనుక, వైనరీలో కూడా మూడవ వంతు నాదే" అన్నది అతని వాదన. "నాన్నది ద్రాక్ష వ్యాపారం. వైనరీ మేము అప్పుచేసి, మా కష్టంతో పెట్టింది" అన్నది అన్నల వాదన.

సోదరులారా, ఎవరి మాట నిజం? నేను తీర్పరిని కాను. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. 1933లో ముగ్గురినీ కూర్చోబెట్టి, ఒక పెద్దమనిషి సమక్షంలో, "ఈ 5,900 డాలర్లు ఎవరివి, నాన్న తోట పంట ఇందులో ఎంత కలిసింది, చిన్నవాడి భాగం ఎక్కడ ఉంటుంది, పెద్దవాడయ్యాక అతను కలుస్తాడా లేదా" అని ఒక కాగితం మీద రాసి ఉంటే, 53 ఏళ్ల తరువాత ముగ్గురు ముసలి అన్నదమ్ములు కోర్టులో నిలబడవలసిన పని ఉండేది కాదు.

తీర్పు తమ్మునికి వ్యతిరేకంగా వచ్చింది. ఎస్టేటు వ్యవహారం కోర్టుల్లో ఎప్పుడో ముగిసింది గనుక మూడవ వంతు అడగడం చెల్లదన్నారు. చీజ్ మీద గాలో పేరును బ్రాండుగా వాడకూడదని 1989లో ఆంక్ష విధించారు. పైకోర్టు కూడా 1992లో ముఖ్యాంశాలను ఖాయపరిచింది. తన చీజ్‌కు తన ఇంటిపేరు పెట్టుకునే వీలు లేక, జోసెఫ్ ఆ చీజ్‌ను "జోసెఫ్ ఫార్మ్స్" అనే పేరుతో అమ్ముకున్నాడు.

జూలియో 1993లో ప్రమాదంలో చనిపోయాడు. జోసెఫ్ 2007 ఫిబ్రవరిలో చనిపోయాడు. కొద్ది వారాలకే, 2007 మార్చిలో, ఎర్నెస్ట్ కూడా పోయాడు.

నా సంతకం

ఇది ఎక్కడో అమెరికా వారి తగవు, మనకెందుకు అని మీరు అనవచ్చు. ఎందుకో చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఇది. ఏ ఊరో, ఏ సంఘమో చెప్పను.

ఆ ఊరిలో ఒక సభ్యుడు చనిపోయాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మరణ ధ్రువపత్రం జతచేసి, తండ్రి సభ్యత్వం తన పేరుకు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. కార్యదర్శి తీర్మానం రాశాడు. నేను తనిఖీకి వెళ్లినప్పుడు ఆ కాగితాలు నా ముందుకు వచ్చాయి. "ఇతర వారసులు – వారి అంగీకారం" అన్న గడి ఖాళీగా ఉంది. చూశాను. అడగలేదు. ఎండన పడి వచ్చాను, ఇంకా రెండు సంఘాలు చూడవలసి ఉంది. "అన్నదమ్ములు కలిసే ఉన్నారు సార్, ఏ తగవూ లేదు" అన్నాడు కార్యదర్శి. సంతకం పెట్టాను.

పదకొండేళ్లు గడిచాయి. అన్నదమ్ములు వేరుపడ్డారు. తమ్మునికి ఐదు గేదెలు. రోజూ రెండుపూటలా పాలు పోస్తూనే ఉన్నాడు, అయితే అన్న నంబరు మీదనే. బోనసు అన్న పేరున వచ్చేది. కలిసి ఉన్నన్నాళ్లు అది ఇంటిలోకే వచ్చింది గనుక ఎవరూ పట్టించుకోలేదు. వేరుపడ్డ ఏడాది అన్న బోనసు పంచలేదు. తమ్ముడు పాలకవర్గానికి నామినేషన్ వేస్తే, "నువ్వు సభ్యుడివే కావు" అని తోసిపుచ్చారు. పదకొండేళ్లు పాలు పోసినవాడు, పుస్తకం ప్రకారం ఒక్క చుక్క పోయలేదు.

విచారణకు మళ్లీ నన్నే పంపారు. నేను రిజిస్టరు తెరిచి, నిబంధన చదివి, తీర్మానం సక్రమంగానే ఉందని చెప్పాను. అరుగు మీద కూర్చున్న ఆ తమ్ముని భార్య లేచి నిలబడింది. గట్టిగా కూడా మాట్లాడలేదు. "సారూ, పాలు పిండింది నేను. పుస్తకం బావగారిది. మీరు పుస్తకాన్నే గదా నమ్మేది? మరి ఆ పుస్తకంలో రాసినప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?" అన్నది.

నాకు జవాబు లేకపోయింది. ఆ పుస్తకంలో ఉన్న సంతకం నాదే. ఆ తమ్మునికి కొత్త సభ్యత్వం ఇప్పించగలిగాను. పోయిన పదకొండేళ్లను మాత్రం ఇప్పించలేకపోయాను. ఆనాటి నుంచి, ఏ సంఘానికి వెళ్లినా ఆ గడి నిండకుండా నేను కలం మూత తీయను. మొడెస్టోలో ఆ వైనరీ కథ తెలుసుకున్నప్పుడు నా కళ్లముందు మెదిలింది ఆ అరుగే.

ఇంటికి పట్టుకుపోవలసిన మాటలు

కాబట్టి ఇప్పుడు అసలు పాఠానికి వస్తాను. ఐదు మాటలు రాసుకోండి.

1. పాలు పోసేవారి పేరునే సభ్యత్వం ఉండాలి. వేరుగా పశువులున్నవారు వేరు సభ్యత్వం తీసుకోండి. పాడి పని ఆడవాళ్లు చేస్తూ, పుస్తకం మగవారి పేరున ఉండడం చాలా ఇళ్లలో చూస్తున్నాం. వారిని సభ్యులుగా చేర్పించండి. ఓటు, బోనసు, పోటీచేసే హక్కు పుస్తకంలోని పేరు వెంటే నడుస్తాయి. మీ సంఘం 1964 చట్టం కింద నమోదైనా, 1995 పరస్పర సహాయక చట్టం కింద నమోదైనా, మీ ఉపనిబంధనల్లో సభ్యత్వం ఎవరికి, ఎలా అన్నది రాసి ఉంటుంది. కార్యదర్శిని అడిగి చదివించుకోండి.

2. నామినీ వేరు, వారసుడు వేరు. సభ్యుడు పోయినప్పుడు సొమ్ము ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పడానికి నామినీ. అందుకున్న నామినీ దాన్ని వారసులకు చేర్చవలసినవాడు అన్నది సాధారణ సూత్రం. నామినీ పేరు రాయించామని వారసుల సంగతి మరిచిపోకండి. ఆడపిల్లలను అసలే మరిచిపోకండి. 2005 సవరణతో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురుకు కొడుకుతో సమాన హక్కు దేశమంతటా వచ్చింది.

3. ఇంట్లో మైనరు ఉంటే అతని భాగం ముందే రాయండి. మన 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం మైనరును, మిగతా భాగస్వాములందరి అంగీకారంతో, లాభంలో భాగానికి చేర్చుకోవచ్చు. మేజరు అయ్యాక, ఆ సంగతి తెలిసి ఉంటే ఆరు నెలల్లోగా, తాను పూర్తి భాగస్వామిగా ఉండేదీ లేనిదీ అతను తేల్చుకోవచ్చు. పదమూడేళ్ల కుర్రవాడు ఎదురు మాట్లాడడు గదా అని అతని సంగతి వదిలేస్తే, అతను 66 ఏళ్ల వయసులో మాట్లాడతాడు. జోసెఫ్ అలాగే మాట్లాడాడు.

4. కుటుంబంగా కోవా బట్టీ పెట్టినా, నెయ్యి వ్యాపారం పెట్టినా, మొదటి రోజునే ఒక కాగితం రాసుకోండి. డబ్బు ఎవరిది, అప్పు ఎవరి పేరున, స్థలం ఎవరిది, కష్టం ఎవరిది, లాభం ఎలా పంచాలి, విడిపోతే ఏం చేయాలి. రాసి, అందరూ సంతకాలు పెట్టి, వీలైతే రిజిస్టరు చేయించండి. "అన్నదమ్ముల మధ్య కాగితం ఏమిటి, నమ్మకం లేదా" అంటారు. నమ్మకం ఉన్నప్పుడే కాగితం రాయడం తేలిక. నమ్మకం పోయాక రాసేది వకీలు.

5. అట్టమీద వేసే పేరు కూడా ఆస్తే. ఇంటిపేరు పెట్టి నెయ్యి అమ్ముతున్నారనుకోండి, రేపు అన్న పిల్లలు, తమ్ముని పిల్లలు ఇద్దరూ ఆ పేరు అడుగుతారు. మన 1999 ట్రేడ్ మార్కుల చట్టంలో సొంత పేరును నిజాయితీగా వాడుకునేవారికి రక్షణ ఉంది. అయితే నిజాయితీ ఉందో లేదో తేల్చేది కోర్టు. అక్కడి ఖర్చుకు ఎన్ని గేదెలు కావాలో మీరే లెక్క వేసుకోండి. పేరు ఎవరు వాడవచ్చో మొదటే ఆ కాగితంలో రాసుకోండి.

చివరగా కార్యదర్శులకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ చేతిలోని కలం చిన్నదని అనుకోకండి. ఒక సభ్యుడు పోయిన తరువాత వచ్చే అర్జీలో ఖాళీ గడి ఒకటి ఉంటే, ఆ ఇంటికి వెళ్లండి. వాకిట్లో నిలబడి, "ఇంకా ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడగండి. ఐదు నిమిషాల పని. పక్కనున్న చిన్నవాడిని, పొరుగూరికి కోడలిగా వెళ్లిన ఆడపిల్లను, పాలు పితికి చేతులు కడుక్కుంటున్న ఇల్లాలిని చూసి, వారి పేర్లు కూడా రాసుకురండి. ఆ పని నేను ఒకసారి చేయలేదు. మీరు చేయండి.

ఈ వారమే ఇంటికి వెళ్లి మీ పాసుపుస్తకం తీసి చూడండి. అందులో ఎవరి పేరు ఉందో, ఎవరి పేరు ఉండవలసిందో చూసుకోండి. తేడా ఉంటే వచ్చే నెల పాలకవర్గ సమావేశానికి అర్జీ పెట్టండి.  టీ సిద్ధమైందని అంటున్నారు. ఇప్పుడు లేవవచ్చు.